కనుబొమలు లేని మనిషికి పని ఎవరిస్తారు?

మా మనవరాలు ఈ సంవత్సరం నీట్ పరీక్షకు చదువుతా ఉంది. మొన్న రాత్రి అన్నం తింటా తింటా "తాతా, నేను ప్లాస్టిక్ సర్జన్ అవుతా. ఆసుపత్రి కాలేజీలో పాఠాలు కూడా చెప్తా" అనింది. మా ఇంటామె నవ్వింది. "సినిమావాళ్ళ ముక్కులు చెక్కేదానికా ఇంత చదువు?" అనింది. నేను నవ్వలేదు. నాకు కోన్ అన్న జ్ఞాపకం వచ్చినాడు.

మన పత్రికలో బోనస్సు, పీఎఫ్, పెన్షన్ గురించే ఎక్కువ రాస్తాం. ఈ నెల మొహం గురించి రాస్తా. మొహానికీ కూలికీ ఏమి సంబంధం అనుకోవద్దండి. ఉంది.

కోన్ అన్న అసలు పేరు వేరే. కోన్ వైండింగులో ఉండేవాడు కాబట్టి అందరం అట్ల పిలిచేవాళ్ళం. పలమనేరు పక్క మనిషి, ఇంట్లో మనలాగే తెలుగు మాట్లాడతారు. 1980 తర్వాత నాలుగైదేళ్ళు ఒకే షిఫ్టులో చేసినాం. నేను స్పిన్నింగులో సైడర్‌ని. రాత్రి రెండు గంటలకు టీ వచ్చేది. అందరం గ్లాసు అంచు పట్టుకొని ఊదుకుంటా తాగుతుంటే, అన్న మాత్రం గ్లాసు మొత్తం పిడికిట్లో పట్టుకొని "ఏమిరా, ఈరోజు చల్లారిపోయింది టీ" అనేవాడు. మేము ఆయనకు చేతులు మొద్దుబారినాయని నవ్వుకునేవాళ్ళం. నిజంగానే మొద్దుబారినాయని అప్పుడు మాకు తెలియదు. కొన్నాళ్ళకు కనుబొమలు పల్చబడినాయి. ముందు చివరలు, తర్వాత మొత్తం. చెవి తమ్మెలు ఉబ్బినాయి. ముక్కు దూలం దిగబడింది. పెద్దరోగం అని ఎవరో అన్నారు. ఎవరు అన్నారో ఎవరికీ తెలియదు, కానీ మరుసటి రోజుకు మిల్లంతా తెలిసింది.

అప్పుడు నేను చేసింది కూడా రాస్తా. టిఫిను డబ్బాలు పెట్టుకునే చెక్క ఒకటి ఉండేది. నా డబ్బా ఎప్పుడూ అన్న డబ్బా పక్కనే ఉండేది. నేను దాన్ని తీసి ఆ చివర పెట్టినాను. ఆయన చూసినాడు. ఏమీ అనలేదు. పది రోజులకు మేస్త్రీ వచ్చి "రేపటినుంచి రావద్దంట" అని చెప్పి పొయ్యినాడు. కాగితం లేదు, సంతకం లేదు. ఏ మిల్లు అనేది ఇప్పుడు వద్దు. ఆ కాలంలో ఏ మిల్లయినా అంతే చేసి ఉండును.

వైండింగులో తెగిన పోగు ముడి వెయ్యాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలవాలి. అన్నకు అప్పటికి కుడిచేతి చిటికెనవేలు, ఉంగరంవేలు మాత్రమే వంగినాయి. పని ఆగలేదు. ఆయన్ని మాన్పించింది చెయ్యి కాదు, మొహం.

కరిగిరి పేరు మన పక్క అందరికీ తెలుసు. కాట్పాడి దగ్గర ఉండే కుష్టు ఆసుపత్రి. ఒకప్పుడు ఆ పేరు ఎత్తితేనే బస్సులో పక్క సీటు ఖాళీ అయ్యేది. అన్న అక్కడ చేరినాడని విని ఎనిమిది నెలల తర్వాత నేను పోయినాను. మా ఇంటామె తిట్టి పంపించింది, అదీ నిజమే. చెట్ల నీడలో మనుషులు కూర్చొని చెప్పులు కుట్టుకుంటా ఉన్నారు, చేతులకు మైనం పట్టిస్తా ఉన్నారు. ఆ చెట్లు కూడా ఆసుపత్రి వాళ్ళు నాటినవే. ముందు అది ఉత్త రాళ్ళ నేల. అక్కడ పనిచేసిన ఎర్నెస్ట్ ఫ్రిచ్చి అనే సర్జన్ ఒక పక్క చేతులూ కాళ్ళూ సరిచేస్తా, ఇంకో పక్క ఆ ఎండిన నేలను అడవి చేసినాడు.

అన్న నన్ను చూసి ముందు మొహం పైకి ఎత్తినాడు. రెండు కనుబొమలు ఉన్నాయి. నల్లగా, దట్టంగా. నేను నోరు తెరుచుకొని చూస్తా ఉంటే ఆయన నవ్వి, "ఇవి తల వెంట్రుకలురా. వారానికొకసారి కత్తిరించుకోవాల" అన్నాడు. జేబులోనుంచి చిన్న కత్తెర తీసి చూపించినాడు.

ఈ కనుబొమల పని రాయవేలూరుకు ఎట్ల వచ్చిందో నేను అక్కడ కొంత విన్నాను. మిగిలింది మా మనవరాలు ఇంగ్లీషు పుస్తకం చదివి చెప్పింది. డాక్టర్ పాల్ బ్రాండ్ అనే ఆయన ఫిలిప్ యాన్సీతో కలిసి 1993లో రాసిన "పెయిన్: ద గిఫ్ట్ నోబడీ వాంట్స్" అనే పుస్తకం అది. నాకు చదువు అయిదో క్లాసు. తప్పులుంటే అవి నావి.

బ్రాండ్ దొర అంటే దొరే గానీ పుట్టింది మన తమిళనాట్లోనే. 1914లో కొల్లిమలై కొండల్లో. తండ్రి జెస్సీ బ్రాండ్, తల్లి ఎవలిన్, కొండవాళ్ళ మధ్య ఉన్న మిషనరీలు. తొమ్మిదేళ్ళప్పుడు పిల్లోణ్ణి చదువుకని ఇంగ్లండుకు పంపినారు. ఆరేళ్ళకు, 1929లో, తండ్రి ఇక్కడే జ్వరంతో చచ్చిపోయినాడు. కొడుకు మళ్ళీ తండ్రిని చూడలేదు. తల్లి మాత్రం కొండలు విడవలేదు. తొంభై దాటినా గుర్రం మీద ఊళ్ళు తిరిగింది. 1974లో పోయింది.

నాకు బాగా నచ్చింది ఏమంటే, ఈ పిల్లోడు స్కూలు అయినాక నేరుగా డాక్టరు చదువుకు పోలేదు. నాలుగైదేళ్ళు ఇళ్ళు కట్టే పని నేర్చుకున్నాడు. రాయి చెక్కడం, చెక్క చిత్రిక పట్టడం, ఇటుక పేర్చడం. మిషనరీగా వచ్చి కొండల్లో ఇళ్ళు కట్టాలని అనుకున్నాడంట. ఆ తర్వాతనే లండనులో వైద్యం చదివి, యుద్ధంలో బాంబులు పడే రాత్రుల్లో గాయాలు కుట్టి సర్జన్ అయినాడు. 1946లో రాయవేలూరు సీఎంసీకి వచ్చినాడు. ఆ ఆసుపత్రి ఐడా స్కడ్డర్ అమ్మ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టింది, అది మీకు తెలిసిందే.

బ్రాండ్‌ను పిలిపించింది రాబర్ట్ కాక్రేన్ అనే డాక్టర్. కుష్టు రోగానికి పెద్ద పండితుడు. ఆయన బ్రాండును చెంగల్పట్టు కుష్టు ఆసుపత్రికి తీసుకపోయినాడు. అక్కడ వందల మంది చేతులు కొంకర్లు పోయి ఉన్నాయి. ఎముకల డాక్టర్లు ఎంతమందో ఉండీ ఈ చేతుల్ని ఎవరూ ఎందుకు చూడలేదు అని బ్రాండ్ అడిగినాడు. కాక్రేన్‌కు కూడా ఆ ప్రశ్నే కావాల. కుష్టు మనిషిని ముట్టుకునే సర్జన్ అప్పటికి లేడు. బ్రాండ్ ఒకతని చేతిలో చెయ్యి పెట్టి "గట్టిగా పట్టు" అన్నాడు. పట్టు ఎట్ల ఉండిందంటే డాక్టరుకు నొప్పి పుట్టింది. చచ్చిన చెయ్యి అనుకున్నదానిలో అంత బలం ఎక్కడిది? కొన్ని కండరాలే చచ్చినాయి, కొన్ని బాగున్నాయి అని తెలిసింది. ఒక మోటారు కాలిపోతే పక్క మోటారునుంచి బెల్టు వేసి నడిపించినట్టు, బాగున్న కండరం నరాన్ని మళ్ళించి చచ్చిన వేళ్ళకు కట్టినాడు. 1948లో ఈ ఆపరేషన్లు మొదలైనాయి. కుష్టు రోగిని వార్డులో చేర్చుకుంటే మిగతా రోగులు లేచిపోతారని భయపడే కాలం అది.

చేతులు విచ్చుకున్నాయి. సంతోషంగా ఇంటికి పంపినారు. కొన్నాళ్ళకు వాళ్ళు తిరిగొచ్చినారు. ఏమయ్యా అంటే, ముందయితే కొంకర చేతులు చూపిస్తే బిచ్చమయినా పడేది, ఇప్పుడు అదీ లేదు, పని ఇచ్చేవాడూ లేడు అన్నారు. చెయ్యి ఎంత బాగున్నా ముక్కు అణిగిపోయి, కనుబొమలు రాలిపోయిన మొహం చూసి గుమ్మం దగ్గరే పొమ్మంటున్నారు.

నేను ఇది వింటా ఉంటే నాకు మా టిఫిను చెక్క గుర్తొచ్చింది.

మొహం సరిచెయ్యడమంటే డబ్బున్నోళ్ళ సోకు అని మనం అనుకుంటాం. ఇక్కడ రాయవేలూరులో అది కూలి ప్రశ్నగా మొదలైంది. ప్లాస్టిక్ సర్జరీ అంటే మన బకెట్ ప్లాస్టిక్ కాదు. మలిచేది, రూపం ఇచ్చేది అని గ్రీకు మాట అంట. కుమ్మరి పని అనుకోవచ్చు.

ముక్కు సంగతి చెప్తా. కుష్టు పురుగుకు చల్లదనం కావాల. ఒంట్లో వేడి తక్కువ ఉండే చోట్లే అది ఇల్లు కట్టుకుంటుంది. ముక్కు లోపల గాలి ఆడతా ఉంటుంది గదా, అందుకే ముక్కు, చెవి తమ్మెలు, చేతులు, కాళ్ళు. ముక్కు లోపల పొర పుండయి మానేటప్పుడు కుదించుకపోతుంది, ముక్కును లోపలికి లాగేస్తుంది. పాతకాలం డాక్టర్లు పైన చర్మం తక్కువైందని పైన చర్మం అతికేవాళ్ళు. నిలవలేదు. మనకు ఇది సులభంగా అర్థమవుతుంది. కోటు లోపల లైనింగు గుడ్డ ఉతికితే కుదించుకుంటే, పైగుడ్డ ముడతలు పడి వంకర పోతుంది. పైగుడ్డకు ఇంకో ముక్క కుడితే ఏం లాభం? లైనింగు విప్పి కొత్త లైనింగు వెయ్యాల.

ఈ లైనింగు కిటుకు కనిపెట్టింది హెరాల్డ్ గిల్లీస్. న్యూజిలాండులో పుట్టి ఇంగ్లండులో పనిచేసిన డాక్టర్. మొదటి ప్రపంచ యుద్ధంలో మొహాలు చితికిన సిపాయిల కోసం 1917లో సిడ్‌కప్ అనే చోట ప్రత్యేకంగా ఆసుపత్రి పెట్టినారు. 5 వేలకు పైగా సిపాయిలు ఆ ఆసుపత్రికి వచ్చినారు. ఆయన పద్ధతి ఏమంటే, పైపెదవికీ చిగురుకూ మధ్య కోసి, ముక్కును లోపలినుంచి విడిపించి, చర్మాన్ని మళ్ళీ ముందుకు సాగదీసి, తొడమీద తీసిన పల్చటి చర్మాన్ని అచ్చుమీద చుట్టి లోపల లైనింగుగా పెట్టడం. తర్వాత తుంటి ఎముక ముక్క పెట్టి దూలం నిలబెడతారు. బయట మొహం మీద గాటు కనపడదు. ఈ పద్ధతే కుష్టు ముక్కుకూ పనికొచ్చింది.

అయితే ముక్కు పని మనకు ఇంగ్లండు వాళ్ళు నేర్పింది కాదు. వాళ్ళే మన దగ్గర నేర్చుకున్నారు. సుశ్రుతుడి సంగతి అందరూ చెప్తారు, నేను ఇంకొకటి చెప్తా. 1792లో టిప్పు సుల్తానుతో ఇంగ్లీషువాళ్ళ యుద్ధం జరిగేటప్పుడు కవాస్‌జీ అనే మరాఠా బండివాడు ఇంగ్లీషు సైన్యానికి ఎద్దులు తోలేవాడు. టిప్పు మనుషులకు దొరికినాడు. ముక్కూ ఒక చెయ్యీ కోసి పంపించినారు. ఒక ఏడాది ముక్కు లేకుండా ఉన్నాక పూనా దగ్గర ఒకతను ఆయనకు కొత్త ముక్కు చేసినాడు. ఆ చేసినతను ఏ కులమో తెలుసా? ఇటుకలు చేసే కులం. ముందు మైనంతో ముక్కు అచ్చు చేసుకున్నాడు. దాన్ని చదును చేసి నుదుటిమీద పెట్టి గీత గీసినాడు. ఆ గీత వెంబడి చర్మం లేపి, కనుబొమల మధ్య మాత్రం తెగకుండా ఉంచి, తిప్పి కిందికి మడిచి ముక్కు చేసినాడు. ఇద్దరు ఇంగ్లీషు డాక్టర్లు పక్కన నిలబడి చూసినారు. 1794 అక్టోబరులో లండనులో జెంటిల్మన్స్ మ్యాగజైన్ అనే పత్రికలో బొమ్మతో సహా వచ్చింది. కార్ప్యూ అనే డాక్టరు అది చదివి, 1814లో లండనులో మొదటిసారి అట్లాంటి ఆపరేషన్ చేసినాడు. ఇటుకలు చేసేవాడు నేర్పినాడు, లండను నేర్చుకుంది. ఆ పని చేసినతని పేరు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. ముక్కు పోగొట్టుకున్నవాడి పేరు దొరుకుతుంది, చూసిన దొరల పేర్లు దొరుకుతాయి. చేసినవాడి పేరు లేదు. ఇది మనకు కొత్తేమీ కాదులెండి.

కనుబొమల పని ఇంకా చక్కగా ఉంటుంది. చెవిపైన తలలో వెంట్రుకలున్న చర్మం సన్నగా కనుబొమ ఆకారంలో కోస్తారు. దానికి నెత్తురు తెచ్చే నాళం మాత్రం తెంచరు. నుదుటి చర్మం కింద సొరంగం మాదిరి చేసి, ఆ ముక్కను నాళంతో సహా లాగి కనుబొమ చోట కుడతారు. కాలవ తెగకుండా మడి మార్చినట్టు. నెత్తురు అందుతుంది కాబట్టి వెంట్రుకలు బతుకుతాయి. అవి తల వెంట్రుకలు కాబట్టి తల వెంట్రుకల్లాగే పెరుగుతాయి. బ్రాండ్ రోగుల్లో కొందరు వాటిని కత్తిరించనే లేదంట. ఇన్నేళ్ళు లేనివి వచ్చినాయి గదా, కళ్ళమీద పడేదాకా పెంచుకొని తిరిగినారంట.

కన్ను సంగతి చూసింది బ్రాండ్ భార్య మార్గరెట్. ఆమె కూడా డాక్టరే గానీ కళ్ళ డాక్టరు కాదు. రాయవేలూరులో కళ్ళ విభాగంలో మనిషి తక్కువైతే చూడమన్నారు. నాకు తెలియదు అంటే నేర్చుకుంటావులే అన్నారంట. నేర్చుకొని, కుష్టు కళ్ళకు లోకంలోనే పేరున్న డాక్టరు అయింది. కుష్టులో రెప్ప మూసే నరం చచ్చిపోతుంది. కంటిలో దుమ్ము పడినా తెలియదు, రెప్ప కొట్టదు. కన్ను ఎండి పుండై గుడ్డితనం వస్తుంది. దీనికి నమిలే కండరంలోనుంచి ఒక పట్టీ తీసి చర్మం కింద రెప్పలదాకా తెచ్చి కడతారు. అప్పుడు పళ్ళు కొరికితే రెప్ప మూసుకుంటుంది. రోగి మాటిమాటికీ గుర్తుపెట్టుకొని పళ్ళు కొరకాల. అన్నం తినేటప్పుడు మాత్రం దానంతటదే కన్ను కొట్టుకుంటుంది. కరిగిరిలో నా ఎదురుగా ఒక ముసలాయన అట్లే ఇడ్లీ తింటా ఉన్నాడు. ముందు నాకు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.

మా మనవరాలు "పాఠాలు కూడా చెప్తా" అనింది గదా, ఆ మాటకు వస్తా. ఆపరేషన్ చేసే డాక్టరు ఒక రోజులో ముగ్గురినో నలుగురినో బాగుచేస్తాడు. ప్రొఫెసరు అయినాయన ఇంకో రెండు పనులు చెయ్యాల. ఎందుకు అట్లయింది అని కనుక్కోవాల, కనుక్కున్నది ఇంకొకరికి నేర్పాల. బ్రాండ్ నవజీవ నిలయం అని సీఎంసీ కాలేజీ ఆవరణలో మట్టి ఇళ్ళు కట్టించి, ఆపరేషన్ అయిన కుర్రోళ్ళను అక్కడ పెట్టి వడ్రంగం నేర్పించినాడు. బొమ్మలు చేసి అమ్మేవాళ్ళు. అక్కడ ప్రతి గాయం ఎట్ల వచ్చిందో వెతికినారు. కుష్టులో వేళ్ళు వాటంతటవే రాలిపోతాయని లోకమంతా నమ్మే రోజులు. అది తప్పని అక్కడ తెలిసింది. నొప్పి తెలియక కాల్చుకుంటారు, కోసుకుంటారు, ఆ పుండు మానకముందే మళ్ళీ పనిచేస్తారు, అట్ల వేలు అరిగిపోతుంది. రాత్రి నిద్రలో ఎలుకలు వేళ్ళు కొరికినా తెలియడంలేదని కనిపెట్టి, రోగులకు పిల్లులను ఇచ్చినారు. పరిశోధన అంటే గాజు గొట్టాలే కాదు, పిల్లి కూడా.

1952లో లండను సర్జన్ల కాలేజీ ఆయనకు హంటేరియన్ ప్రొఫెసర్ అనే గౌరవం ఇచ్చింది. 1955లో కరిగిరి ఆసుపత్రి వచ్చింది. 1960లో అమెరికా వాళ్ళు లాస్కర్ బహుమతి ఇచ్చినారు. ఇవి త్వరగా చెప్పేసి పోతా, ఎందుకంటే ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళ సంగతే నాకు ముఖ్యం. మేరీ వర్గీస్ అని కేరళ అమ్మాయి, సీఎంసీలో కుర్ర డాక్టరు. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద ఒళ్ళు చచ్చుబడింది. ఇంక ఈమె పని అయిపోయింది అని అందరూ అనుకున్నారు. చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్టు చేతుల ఆపరేషన్లు చెయ్యమని బ్రాండ్ చెప్పినాడు. చేసింది. రోగులకు ఆమెను చూస్తే ఎంత ధైర్యమో చెప్పనక్కరలేదు. తర్వాత న్యూయార్కులో చదివి వచ్చి, సీఎంసీలో నడవలేనివాళ్ళను మళ్ళీ నిలబెట్టే విభాగానికి మొదటి పెద్ద అయింది. 1972లో పద్మశ్రీ వచ్చింది. రాయవేలూరు బాగాయంలో ఆ విభాగం ఇప్పటికీ ఉంది. మన మిల్లుల్లో పడి నడుము విరిగినవాళ్ళు కొందరు అక్కడికే పోయినారు.

బ్రాండ్ 1966లో అమెరికాలో కార్విల్ అనే కుష్టు ఆసుపత్రికి పోయినాడు. కరిగిరిలో కాళ్ళ పుండ్ల గురించి నేర్చుకున్నది అక్కడ షుగరు రోగుల కాళ్ళకు పనికొచ్చింది. 2003లో పోయినాడు. అంటే మా కోన్ అన్నను ముట్టుకున్నది బ్రాండ్ కాదు. ఆయన నేర్పినవాళ్ళు నేర్పినవాళ్ళు.

మా పిల్ల లెక్క కూడా చెప్పాల, మన ఇళ్ళల్లో ఇంకా ఎవరైనా అనుకుంటా ఉంటే తెలిసి ఉండాల. ఎంబీబీఎస్, ఆసుపత్రి ట్రైనింగుతో కలిపి అయిదున్నరేళ్ళు. తర్వాత మళ్ళీ పరీక్ష రాసి జనరల్ సర్జరీ ఎంఎస్ మూడేళ్ళు. మళ్ళీ ఇంకో పరీక్ష, ప్లాస్టిక్ సర్జరీ ఎంసీహెచ్ మూడేళ్ళు. పదకొండున్నరేళ్ళు, ఎక్కడా ఫెయిల్ కాకుండా. అప్పుడు కాలేజీలో అసిస్టెంటు ప్రొఫెసరు. ఇంకో దారి ఉంది, పళ్ళ డాక్టరు చదువు బీడీఎస్ అయిదేళ్ళు, తర్వాత దవడ, మొహం సర్జరీలో ఎండీఎస్ మూడేళ్ళు. గ్రహణం మొర్రి పిల్లల పెదవులు కుట్టేవాళ్ళలో ఈ దారిన వచ్చినవాళ్ళూ ఉన్నారు. బయట ప్రైవేటులో ముక్కు సన్నం చేస్తే వచ్చే డబ్బు కాలేజీలో పాఠం చెప్తే రాదు. మా పిల్లకు ఇది చెప్పినాను. "తెలుసు తాతా" అనింది. పదిహేడేళ్ళ పిల్లకు ఏమి తెలుసో నాకు తెలియదు.

మిల్లులో ఉన్న ఆడపిల్లలకు ఒక మాట. జడ షాఫ్టులో చుట్టుకొని తల చర్మం ఊడొచ్చిన ప్రమాదాలు మనకు తెలుసు. ఆ చర్మాన్ని పారెయ్యొద్దు. శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఆ సంచిని ఐసులో పెట్టి మనిషితోపాటు తీసుకపోవాల. చర్మానికి ఐసు నేరుగా తగలకూడదు. నాళాలు కలిపి మళ్ళీ కుట్టే డాక్టర్లు ఇప్పుడు ఉన్నారు. చెన్నై స్టాన్లీ ఆసుపత్రిలో చేతులకూ ప్లాస్టిక్ సర్జరీకీ విభాగం 1971లోనే వచ్చింది. కోయంబత్తూరు గంగా ఆసుపత్రికి కూడా ఈ పనిలో పేరుంది.

కోన్ అన్న మందు అయిపోయినాక, రోగం లేదని కాగితం పట్టుకొని మిల్లుకు పోయినాడు. తీసుకోలేదు. మొహం బాగయింది గానీ, ముందు మొహం తెలిసినవాళ్ళు మిల్లు నిండా ఉన్నారు. ఆయన ఈరోడు పక్కకు పోయి పవర్లూములో చేరినాడు. అక్కడ ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. కనుబొమలున్న మనిషి, ముక్కున్న మనిషి, అంతే. ఇరవై ఏళ్ళు చేసినాడు. ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసినాడు.

మా పెద్దమ్మాయి పెళ్ళికి పరదరామి వచ్చినాడు. తలంతా నెరిసింది, కనుబొమలూ దాంతోపాటే నెరిసినాయి. తల వెంట్రుకలే గదా. పంక్తిలో నేను ఆయన పక్కన ఆకు వేసుకొని కూర్చున్నాను. టిఫిను డబ్బా సంగతి ఎత్తాలని సాంబారు వచ్చేదాకా అనుకున్నా, రసం వచ్చేదాకా అనుకున్నా, ఎత్తలేదు. ఆయనే "ఏమిరా, చల్లారిపోయింది గదా" అన్నాడు. పాయసం గ్లాసు అంచు రెండు వేళ్ళతో పట్టుకొని చూపించినాడు. పట్టుకోవడం ఆసుపత్రిలో నేర్పినారంట, వేడి తెలియకపోయినా తెలిసినట్టు పట్టుకోవాలని.

ఇప్పుడు కుష్టుకు మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు. రోగం తీరును బట్టి ఆరు నెలలో సంవత్సరమో. మందు మొదలుపెడితే చాలు, ఇంకొకరికి అంటడం దాదాపు ఆగిపోతుంది. ఒంటిమీద తెల్లగానో ఎర్రగానో మచ్చ ఉండి, అక్కడ గిల్లితే తెలియకపోతే, ముందు పీహెచ్‌సీకి పోండి. తొందరగా పోతే కనుబొమల దాకా రాదు. ఆలస్యమై చెయ్యో కాలో కన్నో వంకర పోయినవాళ్ళకు సర్జరీ ఊరికే చేస్తారు. ఆ రోజుల కూలి పోతుంది కాబట్టి ప్రభుత్వం కొంత డబ్బు కూడా ఇస్తుంది, దాన్ని అడిగి తీసుకోండి. కరిగిరి ఆసుపత్రి ఇప్పుడు అన్ని జబ్బులకూ చూస్తుంది. మేము పోయిన నెల మా ఇంటామె కంటికి అక్కడికే పోయినాం. బస్సులో పక్క సీటు నిండే ఉండింది.